సుడిదోమ చరిత్ర: క్యూషూ నుంచి గోదావరి దాకా

వరి రైతు దోమ అనేది మనిషిని కుట్టే దోమను కాదు. దుబ్బు మొదట్లో, నీళ్లకు కాస్త పైన, గుంపులుగా పట్టుకుని మొక్క రసం పీల్చే నాలుగైదు మిల్లీమీటర్ల పురుగును. శాస్త్రజ్ఞులు దీన్ని ఫల్గోరాయిడియా అనే పెద్ద వర్గంలో చేర్చారు. ఇరవై దాకా కుటుంబాలు, 12 వేలకు పైగా జాతులు ఉన్న వర్గం ఇది. వీటిలో చాలావాటితో మనిషికి ఏ తగాదా లేదు. గడ్డి మీదా అడవి చెట్ల మీదా బతుకుతూ సాలీళ్లకూ పక్షులకూ ఆహారమవుతాయి. పంటల జోలికి వచ్చినవి కొన్నే. వరిలో సుడిదోమ, తెల్లమచ్చ దోమ, తూర్పు ఆసియాలో చిన్న గోధుమరంగు దోమ, చెరకులో పైరిల్లా అలాంటివి. చైనా నుంచి వెళ్లి 2014లో అమెరికాలోని పెన్సిల్వేనియాలో బయటపడిన మచ్చల లాంతరు పురుగు కూడా ఈ వర్గానిదే. ద్రాక్షతోటలను పీడించే ఈ పురుగు అక్కడా న్యూజెర్సీలోనూ స్థిరపడిన తెలుగువాళ్లకు పెరటి చెట్ల మీద కనిపిస్తూనే ఉంటుంది. వరిలోని పచ్చదీపపు పురుగు, మామిడి పూతను పాడుచేసే తేనెమంచు పురుగు చూడడానికి ఇలాగే ఉన్నా వేరే శాఖకు చెందినవి. వరి దోమలను వాటి నుంచి విడదీసి గుర్తించడానికి వెనక కాలి చివర కదిలే ముల్లు ఒకటి ఉంటుంది. భూతద్దంలో చూస్తే అది స్పష్టంగా తెలుస్తుంది.

ఇన్నిటిలోకీ ఎక్కువ నష్టం చేసింది సుడిదోమ. దీని శాస్త్రనామం నీలపర్వత ల్యూజెన్స్. 1854లో స్వీడన్ కీటక శాస్త్రజ్ఞుడు కార్ల్ స్టాల్ దీన్ని మొదటిసారి వర్ణించాడు. వరి తప్ప దీనికి మరో పంట లేదు. ఆడపురుగు ఆకు తొడుగును చీల్చి లోపల వరసగా గుడ్లు పెడుతుంది. ఒక్క పురుగు రెండు మూడు వందల గుడ్లు పెట్టగలదు. పిల్ల పురుగులు ఐదుసార్లు కుబుసం విడిచి పెద్దవవుతాయి. గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు దాకా నెల కూడా పట్టదు. కాబట్టి నాట్లు పడిన తొలి వారాల్లో వచ్చి వాలిన కొద్దిపాటి దోమలే పంట ఈనే వేళకు రెండు మూడు తరాలై పొలాన్ని నింపేస్తాయి.

పెద్ద పురుగుల్లో రెండు రూపాలున్నాయి. పొట్టి రెక్కలవి ఎగరలేవు, కానీ గుడ్లు ఎక్కువ పెడతాయి. పొడుగు రెక్కలవి ఎంతో దూరం ఎగిరిపోగలవు. దుబ్బు లేతగా ఉండి రసం పుష్కలంగా దొరికినప్పుడు పొట్టి రెక్కలవి పుడతాయి. దుబ్బు మీద జనాభా కిక్కిరిసి మొక్క ముదిరితే పొడుగు రెక్కలవి పుట్టి వలస పోతాయి. ఏ రెక్కలు రావాలో పురుగు శరీరంలోని రెండు ఇన్సులిన్ గ్రాహకాలు నిర్ణయిస్తాయని 2015లో చైనాలోని జెజియాంగ్ విశ్వవిద్యాలయ శాస్త్రజ్ఞులు తేల్చారు. ఉన్నచోట పెరగడం, చోటు చాలకపోతే పోయి కొత్త పొలం వెతుక్కోవడం, ఈ రెండూ ఒకే జాతికి చేతనైనందువల్లే దీన్ని ఓడించడం ఇంత కష్టమైంది.

నష్టం మొదట పైకి కనిపించదు. పైన ఆకులు పచ్చగానే ఉంటాయి, కింద దుబ్బు మొదట్లో వందల దోమలు రసం లాగేస్తుంటాయి. అవి వదిలే తీపి జిగురు మీద నల్లని బూజు పడుతుంది. ఆ తరువాత ఒకచోట నాలుగైదు దుబ్బులు పసుపు రంగుకు తిరిగి, రెండు మూడు రోజుల్లో గోధుమ రంగై ఎండి పడిపోతాయి. ఆ చోటు చుట్టూ గుండ్రంగా పెరుగుతూ పోతుంది. పొలంలో సుడులు సుడులుగా కనిపించే ఈ నష్టాన్నే దోమపోటు అంటారు. గింజ పాలు పోసుకునే దశలో ఈ సుడులు కలిసిపోతే ఆ మడిలో కోతకు మిగిలేది గడ్డి మాత్రమే, ఆ గడ్డి కూడా పశువులు తినేలా ఉండదు. ఇది చాలదన్నట్టు గడ్డి మాదిరి పొట్టితనం, చిరుగుల పొట్టితనం అనే రెండు వైరస్ తెగుళ్లను కూడా సుడిదోమే ఒక దుబ్బు నుంచి మరో దుబ్బుకు మోస్తుంది.

ఈ పురుగు తెచ్చిన కరువుల్లో వివరంగా నమోదైనది జపాన్‌లోది. 1732లో పశ్చిమ జపాన్‌లో, ముఖ్యంగా క్యూషూ, షికోకు దీవుల్లో, వాన ముసురు ఎడతెరిపి లేకుండా సాగిన వేసవిలో దోమలు పొలాలను ముంచెత్తాయి. 46 సంస్థానాల్లో పంట మామూలు దిగుబడిలో దాదాపు నాలుగో వంతుకు పడిపోయింది. ఆకలి బారిన పడినవారు 26 లక్షలకు పైగా అని, చనిపోయినవారు 12 వేలకు పైగా అని ప్రభుత్వానికి లెక్కలు అందాయి. తమ ఏలుబడిలో జనం చచ్చిపోయారని ఒప్పుకుంటే శిక్ష పడుతుందన్న భయం సంస్థానాధీశులకు ఉండేది కాబట్టి చావుల లెక్క అసలుకు చాలా తక్కువని చరిత్రకారులు భావిస్తారు. బియ్యం ధర కొండెక్కడంతో 1733 మొదట్లో పాలనా కేంద్రమైన ఎదోలో జనం తకామా డెంబే అనే బియ్యం వర్తకుడి ఇంటి మీద పడి ధ్వంసం చేశారు. ఆ నగరంలో అలాంటి తిరుగుబాటు అదే మొదటిదంటారు.

ఆ కరువులో మాత్సుయామా దగ్గరి త్సుత్సుయి గ్రామంలో సాకుబే అనే రైతు ఆకలితో చనిపోయాడు. చనిపోయేనాటికి ఇంట్లో విత్తనాల మూట ఉంది. వాటిని తింటే ఊరికి వచ్చే ఏడాది పంట ఉండదని ఆ మూటను తాకలేదు. ఆ ప్రాంతం ఇప్పటికీ ఆయన్ను పూజిస్తుంది. విత్తనం దాచుకుని బతికిన ఏ రైతు కుటుంబానికైనా ఈ మాట వివరించనక్కర్లేదు.

కరువు తరువాత అక్కడి రైతుల్లో బాగా వ్యాపించిన విద్య తిమింగలం నూనె. మడిలో నీళ్లుండగా కొద్దిగా నూనె చల్లుతారు. అది నీటి మీద పలచని పొరగా పరుచుకుంటుంది. వరసలో నిలబడి చీపురుతోనో వెదురు బద్దతోనో దుబ్బుల్ని తడతారు. మామూలు నీళ్ల మీద పడిన దోమకు ఏమీ కాదు, మైనపు పూత ఉన్న ఒంటితో చిటికెలో గెంతి మళ్లీ దుబ్బెక్కుతుంది. నూనె మీద పడితే మాత్రం ఒంటికి నూనె అంటుకుని ఊపిరి తీసుకునే రంధ్రాలు మూసుకుపోయి చస్తుంది. ఓకురా నాగత్సునే అనే వ్యవసాయ రచయిత ఈ పద్ధతిని బొమ్మలతో సహా వివరిస్తూ 1826లో ‘జోకోరోకు’ అనే పుస్తకం అచ్చువేయించాడు. ఒక్క పంట పురుగుల నివారణకే రాసిన పుస్తకం ఆ కాలానికి అరుదు. తరువాతి కాలంలో తిమింగలం నూనె స్థానంలో కిరోసిన్ వచ్చింది. పద్ధతి అదే.

నూనె కొనలేని ఊళ్లకు మిగిలింది దైవం. 1183లో షినోహరా యుద్ధంలో సైతో సానెమోరి అనే యోధుడి గుర్రం వరి మోడు తగిలి తూలిందని, అందువల్లే ఆయన శత్రువు చేతిలో చనిపోయాడని, ఆ పగతో వరిని తినే పురుగై పుట్టాడని జపాన్ పల్లెలు నమ్మాయి. గడ్డితో ఆయన బొమ్మ చేసి, కాగడాలు పట్టుకుని, డప్పులు కొడుతూ చేల గట్ల మీదుగా తిప్పి ఊరి పొలిమేర దాటించేవారు. ముషి ఒకురి, అంటే పురుగును సాగనంపడం, అనే ఈ జాతర కొన్నిచోట్ల ఇప్పటికీ జరుగుతోంది. పొడుగు రెక్కల దోమలు రాత్రిపూట దీపానికి వస్తాయి కాబట్టి ఆ కాగడాల్లో కొన్ని కాలిపోయే ఉంటాయి. ఆ తరువాతి కాలంలో అనేక దేశాల వ్యవసాయ శాఖలు పొలాల్లో పెట్టిన దీపపు ఎరల కిటుకు కూడా ఇదే.

జపాన్ శాస్త్రజ్ఞుల్ని చాలాకాలం వేధించిన ప్రశ్న మరొకటుంది. చలికాలంలో అక్కడ వరి ఉండదు, సుడిదోమ ఆ చలికి బతకదు. మరి ప్రతి ఏడూ జూన్, జూలై నెలల్లో ఎక్కడి నుంచి వస్తోంది? గట్ల మీది గడ్డిలో దాక్కుంటుందని ఒక వర్గం, సముద్రం దాటి వస్తుందని మరో వర్గం వాదించుకున్నాయి. 1967 జూలైలో జపాన్‌కు దక్షిణాన సుమారు 500 కిలోమీటర్ల దూరంలో, నడి సముద్రంలో నిలిచి ఉన్న వాతావరణ పరిశీలక నౌక మీద దోమల దండు వచ్చి వాలింది. చుట్టూ ఎటు చూసినా నీళ్లే. వాదన అక్కడితో తేలిపోయింది. కిషిమోతో రియోయిచి, ఆయన తరువాతివారు చేసిన పరిశోధనలతో వలస దారి స్పష్టమైంది. ఉత్తర వియత్నాం, దక్షిణ చైనా పొలాల్లో పుట్టిన దోమలు సాయంసంధ్య వేళ పైకి లేచి, వానాకాలపు నైరుతి గాలులు పట్టుకుని, ఒకటి రెండు రోజుల్లో జపాన్, కొరియాల్లో దిగుతాయి. తిరిగి వెళ్లే గాలి వాటికి సాధారణంగా ఉండదు. వచ్చినచోటే పెరిగి చలికాలంలో చస్తాయి. తెలుగు నేల పరిస్థితి వేరు. సార్వా, దాళ్వా అంటూ ఏడాదిలో రెండు పంటలు పండే డెల్టాల్లో దోమకు వలస రావలసిన అవసరమే లేదు, ఏడాది పొడవునా ఎక్కడో ఒకచోట పచ్చని వరి ఉంటుంది.

వరిలో పురుగుమందుల కాలానికి ముందే ఒకసారి చెరకులో ఈ వర్గం పురుగు మనిషికి ఒక పాఠం చెప్పింది. 1900 ప్రాంతంలో ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్ నుంచి చెరకు ముచ్చెలతో పాటు ఒక దోమ హవాయి దీవులకు చేరింది. అక్కడ దానికి శత్రువు లేదు. కొద్ది ఏళ్లలోనే తోటలు దెబ్బతిన్నాయి. ఆల్బర్ట్ కోబెలీ, ఆర్.సి.ఎల్. పెర్కిన్స్ 1904లో క్వీన్స్‌లాండ్ వెళ్లి దాని సహజ శత్రువుల్ని వెతికి తెచ్చారు. ఆ తరువాత 1920లో ఫ్రెడరిక్ మ్యూర్ దోమ గుడ్లను పీల్చి తినే మిరిడ్ నల్లిని తీసుకొచ్చి వదిలాడు. దాంతో దోమ బెడద దాదాపు అణగిపోయింది. హవాయిలో దోమ పెరగడానికి కారణం దాని బలం కాదు, దాన్ని తినేవాళ్లు లేకపోవడం. ఈ సంగతి అచ్చులో ఉండగానే ఆసియా వరి పొలాలు అర్ధశతాబ్దం తరువాత అదే తప్పు చేశాయి, అదీ డబ్బు పెట్టి.

1966లో ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ ఐఆర్ 8 రకాన్ని విడుదల చేసింది. పొట్టి రకాలు, దగ్గర నాట్లు, యూరియా, నిండా నీళ్లు, వరుసగా రెండు మూడు పంటలు. తిండి కోసం ఎదురుచూస్తున్న దేశాలకు అది ఎంత మేలు చేసిందో చెప్పనక్కర్లేదు. కానీ గుబురుగా, చల్లగా, నత్రజని నిండిన మెత్తని కాండంతో ఉన్న ఆ పొలం సుడిదోమకు కూడా అనువైనదే. పైగా కాండం తొలిచే పురుగుకో ఆకుముడతకో వేయవలసిన మందును తేదీ ప్రకారం వేయమని రైతుకు నేర్పారు. 1970లు వచ్చేసరికి అంతదాకా చిన్న పురుగుల జాబితాలో ఉన్న సుడిదోమ ఫిలిప్పీన్స్, ఇండోనేషియా, శ్రీలంక, భారత్‌లలో మొదటి వరసకు వచ్చింది.

మొదట వెతికిన మందు విత్తనంలో. అంతర్జాతీయ సంస్థలో పనిచేసిన భారతీయ కీటక శాస్త్రజ్ఞుడు ఎం.డి. పాఠక్ బృందం వేల రకాలను పరీక్షించి, దోమ వాలినా పెరగని వరి ఉందని చూపింది. అలా దొరికిన రకాలు ఎక్కువగా దక్షిణ భారతం, శ్రీలంకలవి. భారత్‌కు చెందిన ముద్గో, తమిళనాడు అంబాసముద్రంలో రూపొందిన ఏఎస్‌డీ 7, కేరళ పట్టాంబి కేంద్రం పీటీబీ 33, శ్రీలంక రైతుల రతు హీనటి వాటిలో ముఖ్యమైనవి. ఎవరో రైతులు తరతరాలుగా దాచిన విత్తనం ఖండమంతటికీ అక్కరకొచ్చింది. ముద్గోలో గుర్తించిన జన్యువుతో 1973లో ఐఆర్ 26 వచ్చింది. రెండు మూడేళ్లకే ఫిలిప్పీన్స్, ఇండోనేషియాల్లో దాన్ని తట్టుకునే దోమలు పుట్టాయి. 1976లో మరో జన్యువుతో ఐఆర్ 36 వచ్చింది. కొన్నాళ్లు కాపాడింది. ఒకే రకం ఆసియా అంతటా కోటి హెక్టార్లకు పైగా విస్తరించాక దాన్నీ దాటే దోమలు 1980ల మొదట్లో ఉత్తర సుమత్రాలో కనిపించాయి. భారత ఉపఖండపు దోమల తీరు మొదటి నుంచీ వేరు. ముద్గో, ఏఎస్‌డీ 7 జన్యువులు ఇక్కడ పనిచేయలేదు. అక్కడ గెలిచిన రకాన్ని తెచ్చి ఇక్కడ నాటితే చాలనుకున్నవారికి అది గట్టి దెబ్బ.

మందుల సంగతి ఇండోనేషియా చరిత్రలో స్పష్టంగా తెలుస్తుంది. ప్రభుత్వం పురుగుమందుల ధరలో 80 శాతం దాకా రాయితీగా భరించేది. చౌకగా దొరికిన మందును రైతులు విరివిగా చల్లారు. అయినా దోమ పెరుగుతూనే ఉంది. ఫిలిప్పీన్స్‌లో పీటర్ కెన్‌మోర్ చేసిన పరిశీలనలో, మందు కొట్టని మళ్లలో దోమ చెప్పుకోదగినంత లేదు. కొట్టిన మళ్లలో మాత్రం అనేక రెట్లు పెరిగింది. కారణాలు రెండు. మందు ముందుగా చంపేది పొలంలో తిరిగే తోడేలు సాలీళ్లను, గుడ్లను తినే మిరిడ్ నల్లుల్ని. గుడ్లు ఆకు తొడుగు లోపల భద్రంగా ఉంటాయి, మందు ప్రభావం తగ్గాక పొదిగి బయటికొచ్చే పిల్లలకు అడ్డు ఉండదు. రెండోది, మిథైల్ పారథియాన్, డెల్టామెత్రిన్ వంటి కొన్ని మందులు చావని మోతాదులో తగిలినప్పుడు ఆడదోమ మరిన్ని గుడ్లు పెడుతుంది. 1984లో బియ్యంలో స్వయంసమృద్ధి సాధించానని చెప్పుకున్న ఇండోనేషియాలో రెండేళ్లు తిరక్కుండా జావా దీవిలో దోమపోటు పెరిగింది. 1986 నవంబరులో అధ్యక్షుడు సుహార్తో ఉత్తర్వుతో 57 రకాల మందులను వరిపై నిషేధించారు. రాయితీలను దశలవారీగా 1989 నాటికి ఎత్తేశారు. రైతులే పొలంలోకి దిగి పురుగుల్నీ వాటి శత్రువుల్నీ లెక్కపెట్టే పొలంబడులు 1989లో అక్కడే మొదలయ్యాయి. దిగుబడి తగ్గలేదు. ఆంధ్రప్రదేశ్‌లో తరువాతి కాలంలో నడిచిన పొలంబడులకు మూలం ఇదే.

మన దేశంలో మొదటి పెద్ద హెచ్చరిక కేరళ కుట్టనాడ్ నుంచి వచ్చింది. సముద్రమట్టానికి దిగువన, కట్టలు కట్టి నీళ్లు తోడి వరి పండించే ఆ ప్రాంతంలో 1973-74 పంటకాలంలో సుడిదోమ వేల హెక్టార్లను మాడ్చేసింది. తరువాత గోదావరి, కృష్ణా డెల్టాలకూ ఇదే ముప్పు వచ్చింది. ఇక్కడ 1982లో విడుదలైన మారుటేరు రకం స్వర్ణ, 1986లో వచ్చిన బాపట్ల రకం సాంబ మసూరి దేశ వరి చరిత్రనే మార్చాయి. రెండూ దోమకు తట్టుకోలేవు. సన్నబియ్యానికి ఉన్న ధర ముందు ఆ లోపం రైతుకు చిన్నదైంది. సాంబ మసూరిని ఇవాళ్టికీ వదలలేని రైతును తప్పుపట్టడం న్యాయం కాదు. కొనేవాడు అడిగేది ఆ బియ్యాన్నే.

పశ్చిమ గోదావరి జిల్లా మారుటేరు పరిశోధన స్థానం 1925లో మొదలైంది. దోమను తట్టుకునే రకాల కోసం అక్కడ జరిగిన కృషి నిశ్శబ్దంగా సాగింది కానీ ఫలం పెద్దది. వజ్రం, చైతన్య, కృష్ణవేణి, ఆ తరువాత విజేత, కృష్ణవేణికీ ఐఆర్ 64కూ పుట్టిన కాటన్‌దొర సన్నాలు, ఇంద్ర అలా వచ్చినవే. ఎంటీయూ 1001, ఎంటీయూ 1010 అన్న పేర్లతో విజేత, కాటన్‌దొర సన్నాలు తెలంగాణలోనూ, కాటన్‌దొర సన్నాలు ఛత్తీస్‌గఢ్, మధ్యప్రదేశ్‌లలోనూ విస్తరించాయి. ఒక్క జన్యువు మీద ఆధారపడిన రకాలకన్నా పలు జన్యువులతో మిశ్రమంగా వచ్చిన ఓర్పు ఎక్కువకాలం నిలబడిందన్నది ఐఆర్ 64 విషయంలోనూ రుజువైంది.

పొలంలో చేసే పని మాత్రం పెద్దగా మారలేదు. నాట్లప్పుడే ప్రతి రెండు మీటర్లకూ తూర్పు పడమరలుగా 20 సెంటీమీటర్ల బాట వదిలితే గాలి, వెలుతురు దుబ్బు మొదటికి చేరతాయి, మందు కొట్టాల్సి వచ్చినా మనిషి నడవగలడు. దోమ కనిపించగానే నీళ్లు తీసేసి మడిని ఆరబెట్టాలి. యూరియా ఒకేసారి గుమ్మరించకూడదు. దుబ్బును వంచి అరచేత్తో తడితే దోమలు నీటి మీదికి రాలతాయి. పిలక దశలో దుబ్బుకు 10 నుంచి 15, ఈనే దశ దాటాక 20 నుంచి 25 దోమలుంటేనే మందు. అదీ ఆకుల మీద కాదు, దుబ్బు మొదలు తడిసేలా. వాటితోపాటు రాలిన సాలీళ్లనూ మిరిడ్ నల్లుల్నీ చూసి లెక్కలోకి తీసుకోవాలి. అవి ఎక్కువగా ఉంటే చాలాసార్లు మందు అక్కర్లేదు.

1990ల్లో వచ్చిన ఇమిడాక్లోప్రిడ్ దోమకు తిరుగులేని మందులా కనిపించింది. పదేళ్లు తిరిగేసరికి తూర్పు, ఆగ్నేయాసియా దేశాల్లో అది పనిచేయడం తగ్గింది. 2005లో చైనాలో దోమ పెద్దఎత్తున విరుచుకుపడింది. ఆ తరువాతి ఏడాదే వియత్నాం మెకాంగ్ డెల్టాలో పొట్టితనం తెగుళ్లు చేలను కమ్మేశాయి. అక్కడి రైతులు దీపపు ఎరల్లో పడే దోమల్ని రోజూ లెక్కపెట్టి, వలస దండు ఉద్ధృతంగా దిగి వెళ్లాక ఊళ్లన్నీ ఒకేసారి విత్తనాలు చల్లడం మొదలుపెట్టారు. లేత పైరు దొరక్క దోమ తరం చెడుతుంది. మందు ఖర్చు లేని ఈ పద్ధతికి కావలసింది ఊరంతా ఒక్క మాట మీద నిలబడడం. ఇక్కడ పైమెరక, పల్లం పొలాల్లో నీళ్లు వేర్వేరు సమయాల్లో అందే కాలువల కింద అది సులువు కాదు.

ఈ లోపు ప్రయోగశాలల్లో పని ముందుకు సాగింది. 2009లో చైనాలోని వుహాన్ శాస్త్రజ్ఞులు దోమను తట్టుకునే జన్యువును ఒకదాన్ని మొదటిసారి విడదీసి చూపారు. 2014లో సుడిదోమ జన్యుపటం పూర్తయింది. 2015లో రతు హీనటి రహస్యం బయటపడింది. అది ఒక్క జన్యువు కాదు, పక్కపక్కనే ఉన్న మూడు జన్యువుల గుంపు. అందుకే ఆ పాత శ్రీలంక రకం అంతకాలం నిలబడింది.

హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని భారతీయ వరి పరిశోధన సంస్థలోనూ, మారుటేరులోనూ కొత్త విత్తనాల పరీక్ష ట్రేల్లో జరుగుతుంది. వరసలుగా మొలకలు పెంచి వాటి మధ్య దోమ పిల్లల్ని వదులుతారు. పోల్చి చూసుకోవడానికి రెండు రకాలు తప్పనిసరిగా ఉంటాయి. ఒకటి టీఎన్ 1. తైవాన్ నుంచి వచ్చి 1960ల మధ్యలో ఈ దేశంలో పొట్టి వరి యుగాన్ని మొదలుపెట్టిన రకం. దాని మొలకలు దాదాపు అన్నీ మాడిపోయిన రోజున మిగతా వరసలకు సున్నా నుంచి తొమ్మిది దాకా మార్కులు వేస్తారు. రెండోది పట్టాంబి పీటీబీ 33. టీఎన్ 1 చచ్చిన ట్రేలో అది ఇంకా పచ్చగా ఉంటే పరీక్ష సరిగా జరిగినట్టు. కొత్త రకం ఏదైనా ఈ రెండింటి మధ్య ఎక్కడ నిలిచిందన్నదాన్ని బట్టే రైతు పొలానికి వెళ్లేదీ లేనిదీ తేలుతుంది.